పుంత అమ్మేస్తే ఆదాయం వస్తుంది, మర్నాడు కోత మిషన్ ఎటు నుంచి వస్తుంది?

"ఎవరూ నడవని పాత పుంతలు (పొలాలకెళ్లే బండిదారులు), కాలువగట్టు దారులు ఇంకా ప్రభుత్వం పేరున ఎందుకు? పక్క రైతులకు అమ్మేస్తే పంచాయతీకి నాలుగు డబ్బులొస్తాయి కదా" అని ఒకరు అడిగారు. వద్దండీ. ఒక్క సెంటు కూడా అమ్మకూడదు. ఎవరూ నడవట్లేదన్న మాటే తప్పు. పుంత మీద ఏడాదిలో చాలా రోజులు మనిషి కనపడకపోవచ్చు. కానీ అవసరమైన రోజున అది లేకపోతే ఏమవుతుందో మా ఇంట్లో చూశాం.

మాది భీమవరం వైపు. మా రెండెకరాలు ఊరికి కిలోమీటరు దూరంలో, పుంత చివర ఉంటాయి. తాతగారి రోజుల్లో రెండు ఎడ్లబండ్లు ఎదురైతే హాయిగా తప్పుకునేవట. ఎఫ్‌ఎంబీ స్కెచ్‌లో, అంటే సర్వే వాళ్ల పొలం కొలతల పటంలో, ఆ పుంత వెడల్పు 50 లింకులు, అంటే 33 అడుగులు. 2023 నాటికి మా చేను ముందర మిగిలింది ఐదడుగులు.

ఆ ఏడాది డిసెంబరు 3, ఆదివారం. మిచాంగ్ తుపాను వస్తోందని టీవీలో ఒకటే చెప్తున్నారు. సార్వా (వానాకాలం పంట) చేను పండి తల వాల్చేసి ఉంది. అంత పండిన చేను గాలికి నిలబడదు. రెండు రోజులు తిరిగితే కోత మిషన్ దొరికింది. పొద్దున్నే లారీ మీద నుంచి దింపి పుంత మొదట్లో నిలబెట్టాడు డ్రైవరు. దానికి కనీసం పదడుగుల దారి కావాలి. కాసేపు ముందుకి నడిచి చూసి వెనక్కొచ్చి, "చెరువు గట్టు ఎక్కిస్తే తప్ప పోదండీ" అన్నాడు.

చేపల చెరువు లీజుకి చేసే కుర్రాడు పరుగున వచ్చాడు. "బాబాయ్, మిషన్ ఎక్కితే గట్టు తెగిపోద్ది. నా చేపంతా కాలవలోకి పోద్ది, ఎక్కించకు" అని మా నాన్నగారి చేతులు పట్టుకున్నాడు. అతని బాధా నిజమే. కానీ ఆ గట్టులో సగం పుంత మట్టే! ఏటా వేసవిలో గట్టు మరమ్మతు అని పొక్లెయిన్ తెచ్చి, పక్కనున్న పుంతలోంచి నాలుగు బకెట్లు తీసి వేసేవారు. చూస్తూ ఊరుకున్నది మేమే. ఇరుగుపొరుగుతో గొడవెందుకులే, అడిగితే బాగోదు అని నాన్నగారు ఏళ్ల తరబడి నోరు విప్పలేదు. ఆ పొద్దున ఏమని అడుగుతారు?

మిషన్ తిరిగి లారీ ఎక్కేసింది. కూలీలు దొరకలేదు. నేను, తమ్ముడు, పెదనాన్నగారి అబ్బాయిలిద్దరు కొడవళ్లు పట్టుకుని చీకటి పడేదాకా, మళ్లీ మర్నాడు వానలో తడుస్తూ, ఒక ఎకరం కోశాం. మోపులు నెత్తిన పెట్టుకుని ఆ ఐదడుగుల దారిలో, ఒక పక్క చెరువు, ఒక పక్క మురుగుకోడు, సిమెంటు రోడ్డు దాకా మోసి బరకాలు కప్పాం. నాన్నగారికి అప్పటికి అరవై నాలుగేళ్లు. వద్దన్నా వినకుండా మోపు ఎత్తుకున్నారు. గట్టు దగ్గర కాలు జారింది. ఆయన్ని పట్టుకోగలిగాం, మోపు మాత్రం చెరువులోకి పోయింది. ఆయన లేచి, తేలుతున్న కంకుల వైపు చూస్తూ ఉండిపోయారు.

మంగళవారం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మిగిలిన ఎకరం నీళ్లలో పడుకుంది, నాలుగు రోజులకి కంకులకే మొలకలొచ్చాయి. కోసినది ఆరబెట్టి సర్కారు ధరకి అమ్ముదామంటే తేమ 17 శాతం దాటకూడదు. ఎండే లేని వారంలో ఎలా ఆరుతుంది? రంగు మారిందని చెప్పి కొన్నవాడు చెప్పిన ధరకే ఇచ్చేశాం.

తర్వాత కాగితాలు పట్టుకుని తిరిగాను. ఒక ఆఫీసులో ఇది రెవెన్యూ వాళ్లదన్నారు, రెవెన్యూలో పంచాయతీదన్నారు. 1994 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం ఊళ్లో దారులు పంచాయతీకి చెందుతాయి. ఆక్రమణ తీయించే అధికారం 1905 నాటి భూ ఆక్రమణల చట్టం రెవెన్యూకి ఇచ్చింది. ఊరుమ్మడి భూముల్లో ఆక్రమణలు తొలగించే ఏర్పాటు చేయమని సుప్రీంకోర్టు 2011లోనే జగ్‌పాల్ సింగ్ కేసులో అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. కాబట్టి పుంత ఎవరిదన్న దాంట్లో అనుమానమే లేదు. ఏడాదికోసారి ఆ చివరి నుంచి ఈ చివరి దాకా నడిచి చూసే మనిషే లేడు. నన్నడిగితే దాళ్వా (రెండో పంట) కోతలయ్యాక, చేలు ఖాళీగా ఉన్నప్పుడు, ప్రతి పుంతా గొలుసు పెట్టి కొలిచి ఆ కొలతలు పంచాయతీ గోడ మీద రాయాలి. డెల్టా ఊళ్లలో పొలం తగాదాలు సగం దానితోనే ఆగిపోతాయి.

కాలువగట్ల సంగతీ ఇంతే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసిన కాటన్ దొర, కాలువల్ని నీళ్లకే కాదు, పడవలకీ తవ్వించాడు. గట్టు మీద మనుషులు తాడుతో పడవల్ని లాగుకుంటూ నడిచేవారు. అందుకే ఆ గట్లు అంత వెడల్పు. 2008లో ఈ కాలువల్లో కొన్నిటిని కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా పోయే నాలుగో జాతీయ జలమార్గంలో చేర్చారు కూడా. ఇప్పుడు మా ఊరి దగ్గర అదే గట్టు మీద రేకుల షెడ్లు, చెత్త కుప్పలు. మా మేనత్త ఆ గట్టు మీద కొబ్బరిచెట్ల నీడన హైస్కూలుకి నడిచెళ్లేది. ఇవాళ పిల్లలు లారీలు తిరిగే రోడ్డు పక్కన సైకిళ్లు తొక్కుతున్నారు. ఇంటికొచ్చేదాకా తల్లులకి టెన్షనే.

మా పుంత ఈ మధ్యే కొలిచి హద్దురాళ్లు పాతారు. చెరువు వాళ్లు కొంత గట్టు వెనక్కి లాగారు. ట్రాక్టరు పోతోంది, మిషన్ ఇంకా పోదు. పాతిన రాళ్లలో ఒకటి మా చేను గట్టునే ఉంది. నాన్నగారు గడ్డికి వెళ్లినప్పుడల్లా దాని చుట్టూ పెరిగిన తుంగ పీకేసి, రాయి కనపడేట్టు చేసి మరీ వస్తున్నారు.