గోధుమ లేని టర్కీ బర్గర్: అమ్మడికి పెద్దమ్మ ఉత్తరం

విజయనగరం

చిరంజీవి అమ్మడికి పెద్దమ్మ ఆశీస్సులు.

పిల్లడికి గ్లూటెన్, అంటే గోధుమలోనూ బార్లీలోనూ ఉండే జిగురు మాంసకృత్తి, పడదని తేలిన దగ్గర్నుంచి రాత్రిపూట టర్కీ బర్గర్ చేస్తున్నావనీ, అది చప్పగా, పిడచకట్టుకుపోయి వస్తోందనీ, వాడు సగం తిని వదిలేస్తున్నాడనీ రాశావు. గోధుమ లేనందువల్ల అలా అవుతోందని అనుకోకు. టర్కీ కోడి మాంసంలో, అందులోనూ రొమ్ము ముక్కలో, కొవ్వు బాగా తక్కువ. వేడి తగలగానే లోపలి నీరూ బయటికి పోతుంది. ఆ తడి నిలిచేలా చేసి, పైన మన పులుపూ ఘాటూ పెడితే చాలు.

ముందు మాంసం. కొట్లో ముందురోజే చెప్పి తొడ మాంసం తెప్పించుకో. రొమ్ము కలపక తప్పకపోతే మూడో వంతుకి మించనీయకు. టర్కీ దొరకని వారం కోడి తొడ మాంసంతో ఇదే కొలతల్లో చేసుకోవచ్చు. ముక్కలు చేసి అరగంట ఫ్రీజర్లో పెట్టి, మిక్సీలో గుప్పెడు గుప్పెడు వేసి ఆపి ఆపి తిప్పు. ఒకేసారి నింపేసి తిప్పితే బ్లేడు వేడికి కీమా కాస్తా ముద్దయిపోతుంది. ఆ ముద్దతో చేసిన బిళ్ల రబ్బరులా సాగుతుంది.

అరకిలో కీమాకి పల్చటి అటుకులు 40 గ్రాములు తీసుకో. కడిగి, మూడు పెద్ద చెంచాల పెరుగులో పది నిమిషాలు నానబెట్టి, మెత్తగా చిదుము. బ్రెడ్డు పొడి చేసే పని ఇది చేస్తుంది: మాంసం వదిలిన నీటిని తాగి లోపలే ఉంచుతుంది. బియ్యప్పిండి మాత్రం లోపల కలపకు, బిళ్ల బంకగా అవుతుంది. చోడిపిండి (రాగిపిండి) కలిపితే నాలిక్కి ఇసుకలా తగులుతుంది. పలాస జీడిపప్పు ముక్కలు 30 గ్రాములు వేన్నీళ్లలో అరగంట నానబెట్టి వెన్నలా రుబ్బి కలుపు, మాంసంలో లేని కొవ్వు దీంతో వస్తుంది. రుబ్బేందుకు గుండు పప్పు కొనడం దండగ, ముక్కలు చాలు. ఒక పెద్ద చెంచా నువ్వుల నూనె కూడా వెయ్యి.

పెద్ద ఉల్లిపాయ ఒకటి సన్నగా తరిగి, ఎర్రగా వేగాక రెండు చెంచాల అల్లం వెల్లుల్లి ముద్ద వేసి పచ్చివాసన పోయేదాకా వేయించి, పూర్తిగా చల్లార్చి కలుపు. బిళ్లలు పెనం మీద విచ్చిపోతున్నాయన్నావు కదా, పచ్చి ఉల్లి వల్లే. ఉప్పు తగలగానే అది నీరు వదులుతుంది. మూడు పచ్చిమిరపకాయలు, చెంచా మిరియాల పొడి, వేయించిన ధనియాలూ జీలకర్రా కలిపి కొట్టిన పొడి ఒక చెంచా, గుప్పెడు కొత్తిమీర.

రుచి మార్చేది ఇంకొకటుంది. ఎండు రొయ్యలు తలా కాళ్లూ తీసి, నూనె లేకుండా వేయించి, పొడి కొట్టి, ఇసుక లేకుండా జల్లెడ పట్టి రెండు చిన్న చెంచాలు కలుపు. రొయ్య రుచి విడిగా తెలియదు, మాంసానికి మాత్రం గాఢత వస్తుంది. పిల్లడికి రొయ్య పడుతుందో లేదో చూసుకుని మరీ వెయ్యి.

ఉప్పు చిట్టచివర. 7 గ్రాములు, అంటే చిన్న చెంచాకి కాస్త పైన. రొయ్య పొడి వేస్తే చెంచాలో ముప్పావు చాలు. ఉప్పు వేసి ఎక్కువసేపు పిసికితే మాంసం గట్టిపడుతుంది, అందుకే వేళ్లతో పైపైన కలిపి వదిలెయ్యి. గోరంత ముద్ద వేయించి రుచి చూశాక మిగతాది నాలుగు బిళ్లలు చేసి అరగంట ఫ్రిజ్‌లో ఉంచు. రెండు సెంటీమీటర్ల మందం, నడుమ బొటనవేలితో చిన్న గుంట. గుంట లేకపోతే అంచులు ముడుచుకుని బిళ్ల బుడిపెలా లేస్తుంది. వేయించే ముందు చోడిపిండి పల్చగా అద్దు. చోడిపిండి పైనే పనికొస్తుంది, కరకరలాడే పొర కడుతుంది.

ఇనుప పెనం బాగా కాగాక మంట మధ్యస్థంగా పెట్టి, ఒకవైపు ఆరు నిమిషాలు, తిప్పి అయిదు నిమిషాలు, చివరి రెండు నిమిషాలు మూత. అట్లకాడతో నొక్కావంటే అంతసేపూ కాపాడిన రసమంతా పెనం పాలు. ఉడికిందో లేదో రంగు చూసి చెప్పలేం: ఉడికిన టర్కీ ఒక్కోసారి గులాబీ రంగులోనే ఉంటుంది. వంటింటి థర్మామీటరు పక్కనుంచి గుచ్చి చూడు, నడిమధ్యన 74 డిగ్రీల సెల్సియస్ రావాలి. దించాక అయిదు నిమిషాలు కదపకు.

ఇక బన్ను. గ్లూటెన్ లేని బన్నులు కొని తెస్తే పొడిపొడిగా రాలుతున్నాయని రాశావు. సాగే గుణం ఇచ్చేది గ్లూటెనే కదా, అది లేనప్పుడు రాలక ఏం చేస్తాయి? మనకి దిబ్బరొట్టె ఉండగా వాటి జోలికెందుకు? మినపప్పు ఒక గ్లాసు నాలుగు గంటలు నానబెట్టి గట్టిగా రుబ్బి, కడిగి పిండిన బియ్యపు రవ్వ రెండు గ్లాసులు కలిపి రాత్రంతా ఉంచు. చిన్న మూకుడులో రెండు చెంచాల నూనె వేసి, రెండు వేళ్ల మందాన పిండి పోసి, మూతపెట్టి సన్నసెగ మీద పది నిమిషాలు, తిప్పి అయిదు నిమిషాలు. పది నిమిషాలు ఆరాక అడ్డంగా రెండు పొరలుగా కొయ్యి, వేడి మీద కోస్తే కత్తికి అతుక్కుంటుంది. రొట్టె వెడల్పు బిళ్ల కంటే కాస్త ఎక్కువుండాలి. పైపొర కరకరలాడుతూ, లోపలి మెత్తదనం మాంసం రసాన్ని పీలుస్తుంది. రవ్వ కొనేటప్పుడు జాగ్రత్త, బొంబాయి రవ్వ గోధుమదే.

మీదికి ఆవ. పనసపొట్టు కూరకి పెట్టే ఆవే. రెండు చెంచాల ఆవాలు చన్నీళ్లలో పావుగంట నానబెట్టి, పచ్చిమిర్చి, ఉప్పు వేసి చన్నీళ్లతోనే నూరు. వేన్నీళ్లు పోస్తే ఘాటు పుట్టదు. నూరాక పది నిమిషాలు ఆగి, ఘాటు పట్టాక నాలుగు పెద్ద చెంచాల గట్టి పెరుగులో కలుపు. ముందే పెరుగులో వేసి నూరితే పులుపు ఆ ఘాటుని ఎదగనివ్వదు. దీన్ని పొయ్యి మీద పెట్టకు. అడుగు పొర మీద గోంగూర పచ్చడి పల్చగా, బిళ్ల మీద ఈ ఆవ పెరుగు, ఆపైన ఉల్లి చక్రాలు. సీతంపేట అనాసలు వచ్చే రోజుల్లో ఒక సెంటీమీటరు మందం చక్రం అదే పెనం మీద రెండువైపులా మచ్చలు పడేలా కాల్చి పెట్టు, కారానికి ఆ తీపి బాగా ఆనుతుంది. పచ్చి అనాస మాత్రం కీమాలో కలపకు, అందులోని ఎంజైము మాంసాన్ని పిండిపిండి చేసేస్తుంది.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది మాత్రం తెలియకుండా దూరే గోధుమ. డబ్బా ఇంగువ చాలావాటిలో గోధుమపిండో మైదానో కలుపుతారు. పచ్చడి పోపులో పడేది అదే! వెనక ముద్రించిన పదార్థాల పేర్లు చదివి, గోధుమ లేనిదే తెచ్చుకో, లేదా ఇంగువ మానెయ్యి. మామూలు సోయా సాస్‌లో గోధుమ ఉంటుంది, మాల్ట్ వెనిగర్ బార్లీది. మన దేశపు నిబంధన ప్రకారం గ్లూటెన్ ఫ్రీ అని రాసిన ప్యాకెట్లో కిలోకి 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదు, ఆ మాట ఉన్నవే ఎంచుకో. పిండి మరలో మనకంటే ముందు గోధుమలు ఆడించి ఉంటారు, ఆ పిండి మన చోళ్లలో కలిసి వస్తుంది. చోళ్లు ఇంట్లోనే ఏరి, కడిగి, ఎండబెట్టి మిక్సీలో కొట్టుకుని సన్నటి జల్లెడ పట్టు. ఆ జల్లెడ వేరేగా ఉంచు. చపాతీలు కాల్చే పెనం, పూరీలు వేగిన నూనె పిల్లడి వంటకి వద్దు. కర్ర అట్లకాడ సందుల్లో పిండి ఇరుక్కుంటుంది, వాడికి విడిగా ఒకటి కొను.

పచ్చి బిళ్లలు మిగిలితే మధ్యన బటర్ పేపరు పెట్టి ఫ్రీజర్లో దాచు, నెలలోపు వాడెయ్యి. వండే ముందురోజు రాత్రి ఫ్రిజ్ కింది అరలోకి దించితే చాలు, బయట పెట్టి కరిగించొద్దు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ