సీసా కొనేముందు ఒక నోటుబుక్కు కొను

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు ఫోనులో పంపిన సీసా బొమ్మ చూశాను. గంజాయి ఆకు నూనె, రోజూ నాలుగు చుక్కలు, నడుం నొప్పి మాయం అని రాసి ఉంది. కొనమంటావా అని అడిగావు. ముప్పై రెండేళ్లు ఆసుపత్రి మందుల గదిలో చీటీలు చదివినవాణ్ని. ‘మాయం’ అనే మాట చూస్తే నా చెయ్యి ముందు సీసాను పక్కన పెడుతుంది. అలాగని నీ ప్రశ్నను కొట్టిపారేయను. ఆ జాతి మందు నేనూ మింగాను.

కెనడాలో మీ అన్న దగ్గర ఉన్న రోజుల్లో అక్కడి నొప్పి డాక్టరు నాకు నాబిలోన్ రాశారు. గంజాయిలో మత్తునిచ్చే టీహెచ్‌సీని పోలిన మందు అది. కీమోథెరపీ వాంతుల కోసం అనుమతి పొందింది, నొప్పికి మాత్రం డాక్టర్లు తమ విచక్షణతో ఇస్తారు. రాత్రికి అర మిల్లీగ్రాము. మొదటి వారం నోరు పిడచకట్టింది, తెల్లవారుజామున లేస్తే గోడ పట్టుకుని నడిచాను. నొప్పి పోయిందా అంటే పోలేదు. పదికి ఏడు ఉండేది ఐదున్నరకు దిగిందేమో. కానీ నిద్ర పట్టింది. నిద్ర పట్టినవాడికి పగలు ఒకరు చెప్పేది వినే ఓపిక ఉంటుంది.

ఆ చెప్పే మనిషి ఒక సైకాలజిస్టు. ఆమె దగ్గరికి వెళ్తానంటేనే డాక్టరు మాత్ర రాశారు. నొప్పి నడుంలో ఉంటే మనసు డాక్టరెందుకని నేనూ గొణిగాను. ఆమె అడిగిన మొదటి ప్రశ్న: నొప్పి తగ్గితే ఏం చేస్తారు? పానగల్లులో ఉదయసముద్రం కట్ట మీద నడిచి ఛాయా సోమేశ్వరుణ్ని చూసి రావాలన్నాను. ఆ మాటను కాగితం మీద రాసి, నేను ఆగకుండా ఎన్ని నిమిషాలు నడవగలనో లెక్కపెట్టమంది. మూడు రోజుల సగటు పది నిమిషాలు వచ్చింది. అయితే ఎనిమిదితో మొదలుపెట్టమంది. బాగున్న రోజూ ఎనిమిదే, బాగాలేని రోజూ ఎనిమిదే. వారం తర్వాత తొమ్మిది.

నీ సంగతి చూడు. నడుం తేలిగ్గా ఉన్న రోజు బత్తాయి తోటలో ఇరవై చెట్లకు పాదులు తవ్వుతావు, తర్వాత మూడు రోజులు మంచం దిగవు. చెట్టుకు డ్రిప్పుతో కొలిచి నీళ్లు పెట్టేవాడివి, ఒంటికి మాత్రం వరద పారిస్తున్నావు. ఐదు చెట్లు చెయ్యి, గడియారం చూసి లేచి రా, ఆరో చెట్టు ఎంత పిలిచినా సరే. రోజూ నోటుబుక్కులో రాయి: ఎన్ని నిమిషాలు చేశావు, ఎలా నిద్రపోయావు, వంగినప్పుడు ఏమనుకున్నావు. ‘వంగితే వెన్ను విరుగుతుంది’ అని రాసుకున్నాక అది నిజమో కాదో డాక్టరును అడగవచ్చు. అడగకుండా మోసుకు తిరిగితే ఆ భయమే నడుం బిగబట్టిస్తుంది.

కోడలికీ ఒక మాట. గంటకోసారి ‘నొప్పి ఎలా ఉంది’ అని అడగవద్దను. ఎన్ని చెట్లయ్యాయని అడగమను.

ఇక మాత్రనూ ఈ సాధననూ జోడించడంలో నేను చేసిన తప్పు చెబుతాను. నడకకు ముందు నొప్పి మొదలైతే ఒక మాత్ర వేసుకునేవాణ్ని. నడిచాక ఆ ఘనత అంతా మాత్రకే పోయేది, కాళ్లకు దక్కేది కాదు. 1970లలోనే అమెరికాలో ఫోర్డైస్ అనే సైకాలజిస్టు చెప్పిన పద్ధతి ఇందుకే: మందు గడియారాన్ని బట్టి వేసుకోవాలి, నొప్పిని బట్టి కాదు. రెండో తప్పు, ఒకసారి మాత్ర మగతలోనే ఆమె దగ్గర కూర్చున్నాను. ఇంటికొచ్చేసరికి సగం మరిచిపోయాను. టీహెచ్‌సీ జ్ఞాపకాన్ని మందగింపజేస్తుంది, ఈ చికిత్స అంతా కొత్తది నేర్చుకోవడమే.

పెద్దలు ఈ మందుల గురించి ఏమన్నారో కూడా విను. 2021లో అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం, గట్టి ఆధారాలు లేనందున నొప్పికి వీటి వాడకాన్ని సమర్థించలేమంది. అదే ఏడాది బ్రిటన్ మార్గదర్శకాలు దీర్ఘకాలిక నొప్పికి వ్యాయామాన్నీ ఈ రకం మానసిక చికిత్సనూ పరిశీలించమన్నాయి. ఆ ఏడాదే మరో నిపుణుల బృందం, మామూలు వైద్యం చాలనివారికి పొగ రూపంలో కానిది పరీక్షగా ఇచ్చి చూడవచ్చని, అదీ బలహీనమైన సిఫారసుగానే, చెప్పింది.

మన దగ్గర చట్టం వేరు. మత్తుపదార్థాలను అదుపు చేసే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలో గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొసలు. ఆకు ఆ నిర్వచనంలోకి రాదు, అందుకే ‘విజయ’ పేరుతో ఆయుర్వేద మందులు లైసెన్సుతో తయారవుతున్నాయి. అవి కూడా వైద్యుడు చూసి రాస్తేనే. సీసా మీద టీహెచ్‌సీ ఎంతో, సీబీడీ (గంజాయిలోనే ఉండే, మత్తునివ్వని పదార్థం) ఎంతో, లైసెన్సు నంబరేమిటో లేకపోతే ముట్టవద్దు. మీ అన్నను పార్శిల్ చేయమని అడగవద్దు, అది నేరం. నేను కూడా బయల్దేరే ముందు డాక్టరు చెప్పినట్టు తగ్గించుకుంటూ మాత్రలు మానేసి, ఖాళీ చేతులతో విమానమెక్కాను.

నువ్వు దాచే సంగతి ఒకటి నాకు తెలుసు. సాయంత్రం కల్లు. మన పాలమూరు, నల్లగొండ వైపు కల్తీ కల్లులో అల్ప్రాజోలం అనే మత్తుమందు కలిపిన కేసులు ఎన్నో. దాని మీద టీహెచ్‌సీ పడితే మగత రెట్టింపై ట్రాక్టరు మీద నుంచి పడతావు. అలవాటై ఉంటే ఒక్కసారిగా ఆపవద్దు, మూర్ఛలు వస్తాయి, డాక్టరుకు నిజం చెప్పు. రక్తం పలచబరిచే మందులు, ఫిట్స్ మందులు వాడుతున్నా చెప్పాలి. సీబీడీ వాటి మోతాదును ఒంట్లో పెంచగలదు.

అన్నిటికంటే ముందు ఒక ఎక్స్‌రే. మర్రిగూడ బోరు నీళ్లు తాగి పెరిగినవాడివి, నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువై ఎముకలకు వచ్చే ఫ్లోరోసిస్ ఉందో లేదో చూపించుకో. కాలు తిమ్మిరెక్కి బలం తగ్గినా, మూత్రం పట్టు తప్పినా ఈ ఉత్తరం పక్కన పడేసి ఆ రోజే ఆసుపత్రికి వెళ్లు.

నేను ఇప్పుడు కట్ట మీద ముప్పై ఐదు నిమిషాలు నడుస్తున్నాను. నొప్పి నాలుగో ఐదో ఉంటుంది. దసరాకు వచ్చేటప్పుడు నోటుబుక్కు తీసుకురా. బత్తాయిలు తేవాలనుకుంటే సంచి కోడలి చేతికియ్యి.

మీ పెదనాన్న
నల్లగొండ