సమాధానం: రాత్రి చెమటలకు హార్మోన్లు వాడాలా?

51 ఏళ్లు, నెలసరి ఆగి ఏడాదిన్నర, రాత్రుళ్లు చెమటతో మెలకువ, డాక్టర్ హార్మోన్లు రాస్తే టెన్షన్ అన్నారు కదండీ. నిజం చెప్పాలంటే, ఒంట్లోంచి వేడిగా వచ్చి చెమటలు పట్టించే ఈ ఆవిర్లకు అన్నిటికంటే బాగా పనిచేసేది హార్మోన్ చికిత్సే. 60 ఏళ్లలోపు, లేదా నెలసరి ఆగిన 10 ఏళ్లలోపు మొదలుపెడితే, వేరే పెద్ద జబ్బులు లేని చాలామందికి నష్టం కంటే లాభమే ఎక్కువ. గర్భసంచి ఉన్నవాళ్లకు ఈస్ట్రోజెన్ (ఆవిర్లను తగ్గించే హార్మోన్) ఒక్కటే ఇవ్వరు, తోడుగా ప్రొజెస్టరాన్ అనే ఇంకో హార్మోన్ ఉండాలి. లేకపోతే గర్భసంచి లోపలి పొర మందమై క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. రక్తం గడ్డకట్టే ప్రమాదం మాత్రలతో కంటే ప్యాచ్, జెల్‌తో తక్కువ, ఆ సంగతి అడగండి.

రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లకు మామూలుగా ఇది ఇవ్వరు. వాళ్లకు వెన్లాఫాక్సిన్, గాబాపెంటిన్ లాంటి హార్మోన్లు కాని మందులు ఉన్నాయి. మొదటిది డిప్రెషన్ మందు కదా అని కంగారు పడక్కర్లేదు, ఆవిర్లనూ తగ్గిస్తుంది.

యోని పొడిబారడం గురించి మీరు ఒక్క ముక్క రాసి వదిలేశారు. అది డాక్టర్‌కి చెప్పండి, సిగ్గుపడొద్దు. ఆవిర్లు చాలామందికి కొన్నేళ్లకు తగ్గుతాయి గానీ, ఇది దానంతటదే తగ్గదు. తక్కువ మోతాదు ఈస్ట్రోజెన్ క్రీమ్ రాసిన చోట మటుకే పనిచేస్తుంది.

అన్నట్టు, థైరాయిడ్ టెస్ట్ చేయించారా? థైరాయిడ్ హార్మోన్ ఎక్కువైనా ఇలాగే చెమటలు పడతాయి. ఇక మీదట యోని నుంచి చుక్క రక్తం కనిపించినా ఆలస్యం చేయకుండా చూపించుకోండి.