అమ్మను రోమ్ తీసుకెళ్లాలి, చిట్టీ పాడేయనా?

ప్రశ్న: మాది కడప మరియాపురం. ప్రభుత్వ ఉపాధ్యాయుడిని, జీతం చేతికి 64,000 వస్తుంది. ఇంటి అప్పు కంతు 19,000. పాప ఇంజినీరింగు కోసం 5 లక్షల చిట్టీ వేసి, 50 నెలల్లో 20 కట్టాను. ఇప్పుడు పాడితే 3,80,000 వస్తుంది. అమ్మకు 67 ఏళ్లు, కుటుంబ పెన్షను ఉంది. రోమ్‌లోని పునీత పేతురు బసిలికా చూడాలని ఆమె కోరిక. ఈ క్రిస్మస్‌కు వెళ్దామంటే ఏజెంటు మనిషికి 2,40,000 అడుగుతున్నాడు. చిట్టీ పాడేయనా, అమ్మ గాజులు తాకట్టు పెట్టనా? అమ్మ తన డిపాజిట్ 1,20,000 ఇస్తానంటోంది, నాకే మనసొప్పడం లేదు.

జవాబు: ముందు అమ్మగారి డిపాజిట్ తీసుకోండి. యాత్రలో తన డబ్బు కూడా ఉందన్న తృప్తిని ఆమెకు కాదనకండి. గాజుల జోలికి మాత్రం పోవద్దు. బోసి చేతులతో ఆ గుడిలో మోకరించడం ఆమెకు ఎలా ఉంటుంది?

చిట్టీ లెక్క చూద్దాం. ఆఖరు దాకా ఆగితే, కమీషను 5 శాతం అనుకుంటే, 4,75,000 వస్తుంది. ఇప్పుడు పాడితే 30 నెలల ముందు డబ్బు తీసుకున్నందుకు 95,000 వదులుకుంటున్నారు. ఏడాదికి సుమారు 9 శాతం వడ్డీ పడినట్టు. మామూలు పర్సనల్ లోను కన్నా ఇదే నయం, అబద్ధమెందుకు చెప్పాలి? కానీ అది పాప చదువు డబ్బు. పాడేశాక మిగిలిన 30 కంతులూ అప్పు తీర్చడానికే, పాప కాలేజీలో చేరే నాటికి చేతిలో ఏమీ మిగలదు. పాడకండి.

ఇక ఏజెంటు. ఆయన ఇచ్చిన కాగితంలో ‘బసిలికా ప్రవేశ రుసుముతో కలిపి’ అని ఉందేమో చూడండి. ఉంటే నవ్వి పక్కన పెట్టండి. పునీత పేతురు గుడిలోకి వెళ్లడం ఉచితం. భద్రతా తనిఖీ వరుసలో నిలబడాలి, అంతే. పొద్దున్నే వెళితే ఆ వరుసా చిన్నదే. లోపలికి అడుగు పెట్టగానే కుడి పక్కన, అద్దం వెనక, మైకేలాంజెలో చెక్కిన ‘పియతా’ ఉంటుంది: చనిపోయిన కొడుకును ఒడిలో పెట్టుకున్న మరియమ్మ. అమ్మగారు అక్కడ ఎంతసేపు నిలబడతారో నేను చెప్పలేను. జెండా పట్టుకుని ముందు నడిచే ప్యాకేజీ గైడు మాత్రం ఆమెను నిలబడనివ్వడు.

డబ్బు తీసుకునేది గోపురం ఎక్కడానికి. మొత్తం 551 మెట్లు. లిఫ్టుకు అదనంగా కట్టినా ఆపైన ఇంకో 320 ఎక్కవలసిందే. 67 ఏళ్ల మోకాళ్లకు ఆ టికెట్ ఎందుకు? వాటికన్ మ్యూజియాల టికెట్ వేరు, ఓపిక ఉంటేనే కొనండి. పోపు బుధవారం ఇచ్చే దర్శనానికి టికెట్ కావాలి గానీ, దానికి డబ్బు తీసుకోరు. ఆదివారం మధ్యాహ్నం 12 గంటలకు గుడి ముందు మైదానంలో జరిగే ప్రార్థనకు అదీ అక్కర్లేదు. ఉచితంగా దొరికేవాటిని అమ్మేవారు ఉంటారు, జాగ్రత్త.

క్రిస్మస్ వదిలేసి వచ్చే ఏడాది దసరా సెలవులకు పెట్టుకోండి. ఇంకా 15 నెలలుంది. చెన్నై నుంచి గల్ఫ్ మీదుగా విమానం, అయిదు రాత్రుల బస, వీసా, బీమా, తిండి కలిపి ఇద్దరికీ 3,00,000 అనుకుంటున్నాను. అమ్మగారి డబ్బు పోను 1,80,000, అంటే నెలకు 12,000 రికరింగ్ డిపాజిట్. కంతు, చిట్టీ కూడా తీసేస్తే ఇంటికి 23,000 మిగులుతుంది. బిగువే, ఆమె పెన్షను కొంత ఆదుకుంటుంది. డీఏ బకాయిలను లెక్కలోకి తీసుకోకండి, అవి ఎప్పుడు పడతాయో మీకు నాకన్నా బాగా తెలుసు. 1506లో పునాదిరాయి వేసిన ఆ గుడి ప్రతిష్ఠకు 1626 దాకా ఆగవలసి వచ్చింది, మీరు ఆగేది 15 నెలలే.

చివరికి ప్యాకేజీయే తీసుకుంటే ఏజెంటు టీసీఎస్, అంటే అమ్మేవాడే ముందుగా పట్టుకునే ఆదాయపు పన్ను, వసూలు చేస్తాడు. బిల్లు మీ పాన్ మీద రాయించుకుంటే మీ ఆదాయపు పన్నులో సర్దుబాటవుతుంది. అమ్మగారి పాన్ మీద రాయిస్తే దాన్ని వెనక్కి తెచ్చుకోవడానికి ఆమె రిటర్ను వేయవలసి వస్తుంది. విడిగా విమాన టికెట్ ఒక్కటే కొంటే ఈ గొడవ లేదు.

వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. రుసుము మనిషికి 90 యూరోలు, కాదన్నా తిరిగి ఇవ్వరు. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు సరిపోయే ప్రయాణ బీమా తప్పనిసరి. బ్యాంకు ఖాతా కాగితాలు అడుగుతారు. దరఖాస్తుకు వారం ముందు హఠాత్తుగా పడిన నాలుగు లక్షలను వాళ్లు అనుమానంగా చూస్తారు, నెలనెలా పెరిగిన డిపాజిట్‌ను కాదు. విదేశానికి వెళ్లడానికి మీ శాఖ అనుమతి కూడా అప్పుడే అడగండి.

ఇంకొకటి. అమ్మగారి జ్ఞానస్నానపు పేరు ఒకటి, ఆధార్‌లో పేరు ఇంకొకటి కాదు కదా? పాస్‌పోర్టుకు ముందే చూసుకోండి. తేడా ఉంటే ఈ నెలలోనే సరిచేయించండి, రికరింగ్ డిపాజిట్ వచ్చే నెల మొదలుపెట్టినా పరవాలేదు.