కుక్కపిల్లకి లైసెన్సు ఇప్పుడే తీసుకో

చిరంజీవి అబ్బాయికి,

పెద్దమ్మ ఆశీస్సులు. మధురవాడ ఫ్లాట్‌లోకి కుక్కపిల్ల వచ్చిందని, దాని వెనకే పిల్లి కూడా చేరిందని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. కానీ జీవీఎంసీ, అదే మన విశాఖ నగరపాలక సంస్థ, ఇచ్చే కుక్క లైసెన్సు సంగతి ఎత్తితే "చూద్దాంలే, ఎవరడుగుతారు" అన్నావట. ఆ మాట నాకు నచ్చలేదురా. ఇన్నేళ్ళుగా ఇంట్లో కుక్కల్ని పెంచినదాన్ని, కాస్త ఓపిగ్గా చదువు.

లైసెన్సుకి ఆధారం రేబిస్ టీకా. ముందు అది సరిగ్గా పడాలి. మూడు నెలలు నిండాక మొదటి ఇంజెక్షన్, మూడు నాలుగు వారాలకి బూస్టర్, ఆ తర్వాత ఏడాదికోసారి. పార్వో, డిస్టెంపర్ అనే వేరే కుక్క జబ్బుల టీకాలు అంతకంటే ముందే మొదలవుతాయి. అవి వేయించేసి రేబిస్ కూడా అయిపోయిందనుకునేవాళ్ళు చాలామంది. అందుకే కార్డు తీసి చూడు. మందు సీసా మీది చిన్న స్టిక్కర్ ఊడదీసి డాక్టర్ గారు కార్డులో అంటిస్తారు. దాని మీద మందు పేరు, బ్యాచ్ నంబరు ఉంటాయి. పక్కన టీకా వేసిన తేదీ, సంతకం, ముద్ర, మళ్ళీ రావాల్సిన తేదీ ఉండాలి. ఏది లేకపోయినా అక్కడే అడిగి రాయించుకో. మన ఊరి గాలిలో తేమకి కార్డు మెత్తబడిపోతుంది, ప్లాస్టిక్ కవర్లో పెట్టు. ఫోన్లో ఫోటో కూడా ఉంచుకో.

ఇక కాగితాలకి హడావిడి అక్కర్లేదు. టీకా కార్డు, కుక్క ఫోటో, నీ ఆధార్, ఇంటి చిరునామా రుజువు పట్టుకెళ్ళు. జీవీఎంసీకి పశువైద్య విభాగం ఉంది. మీ జోనల్ ఆఫీసులో అడుగు, లేదంటే ఆశీల్‌మెట్ట దగ్గర తెన్నేటి భవన్‌కి వెళ్ళు. ఫీజు ఎంతో అక్కడే తెలుసుకుని కట్టి రసీదు తీసుకో, మధ్యవర్తుల చేతికి డబ్బివ్వకు. పిల్లి గురించీ అడుగు. చెన్నైలో పిల్లులకీ లైసెన్సు పెట్టారు. ఇక్కడ అడిగినా అడగకపోయినా దానికి రేబిస్ టీకా మాత్రం మానొద్దు. బాల్కనీ దూకి వీధి పిల్లులతో కొట్లాడి వచ్చేది అదే కదా.

బెల్టుకి బిళ్ళ తప్పకుండా కట్టు. దీపావళి టపాసులకి బెదిరి గేటు దాటిన కుక్కని ఎవరైనా పట్టుకుంటే, దానికో ఇల్లుందని చెప్పేది ఆ బిళ్ళే. దాని మీద ఫోన్ నంబరొక్కటే వేయించి ఊరుకోకు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఊళ్ళో కరెంటూ లేదు, ఫోన్లూ లేవు. అపార్ట్‌మెంట్ పేరు కూడా చెక్కించు. కుదిరితే మైక్రోచిప్, అంటే గుర్తింపు నంబరుండే చిన్న చిప్, వేయించు. భుజాల మధ్య చర్మం కింద పెడతారు, బెల్టు ఊడిపోయినా అది పోదు.

మీ అసోసియేషన్ వాళ్ళు కుక్కలు వద్దంటున్నారని విన్నాను. పెంపుడు జంతువుల్ని పూర్తిగా నిషేధించడం, లిఫ్టు ఎక్కనివ్వకపోవడం కుదరదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలిచ్చింది. ఆ మాట గొడవగా కాకుండా, లైసెన్సు, టీకా కార్డు చేతిలో పెట్టుకుని నెమ్మదిగా చెప్పు. వాళ్ళ భయమూ అబద్ధం కాదురా. లిఫ్టులో చిన్నపిల్లలుంటే నువ్వే ఆగు, గొలుసు పొట్టిగా పట్టుకో, దాని మలం నువ్వే ఎత్తు. కుక్క వల్ల ఎవరికైనా ప్రమాదం జరగకుండా జాగ్రత్త పడకపోతే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, ఐదు వేల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

ఒకవేళ పన్ను గానీ గోరు గానీ గీరుకుంటే, మన కుక్కే కదా, టీకా ఉంది కదా అని ఎవరినీ ఊరుకోనివ్వకు. కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. కారం, సున్నం, పసుపు ఏవీ పూయకూడదు. వెంటనే మన పెద్దాసుపత్రి కేజీహెచ్‌కో దగ్గర్లో ఉన్న ఆసుపత్రికో వెళ్ళాలి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతకడం దాదాపు ఉండదు, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

బూస్టర్ అయిన వారంలోనే ఆఫీసుకి వెళ్ళు. వెళ్ళే ముందు నాకు ఫోన్ చెయ్యి, కావాలంటే నేనూ వస్తాను.

మీ పెద్దమ్మ