యుద్ధ చరిత్ర రాస్తానంటోంది, డిగ్రీ వద్దంటోంది

ప్రశ్న: మాది గుత్తి. మా అమ్మాయి ఇంటర్ హెచ్‌ఈసీ రెండో సంవత్సరం. కథలు రాస్తుంది, యుద్ధాల చరిత్ర ఏది దొరికినా వదలదు. అమెరికా రచయిత షెల్బీ ఫుట్‌లా నవలలూ సైనిక చరిత్రా రాస్తుందట. ఆయనకే డిగ్రీ లేదు, నాకెందుకు అంటోంది. మాకు టెన్షన్‌గా ఉంది.
- ఒక తండ్రి, అనంతపురం జిల్లా

జవాబు: రాయనివ్వండి, కానీ డిగ్రీ మాత్రం మాన్పించకండి. ఫుట్ కాలేజీ చదువు మధ్యలో వదిలేసిన మాట నిజమే. ఆ తర్వాత ఏం జరిగిందో కూడా అమ్మాయి చదవాలి. ఐదు నవలలు రాశాక, 1954లో ఒక ప్రచురణకర్త ఆయన్ను అమెరికా అంతర్యుద్ధం మీద చిన్న పుస్తకం అడిగాడు. అది మూడు సంపుటాలైంది, పూర్తయ్యేసరికి 1974 వచ్చింది. సిరాలో ముంచే కలంతో రోజుకు ఐదారు వందల మాటలు రాసేవాడు. మధ్యలో రచయితలకిచ్చే గుగ్గెన్‌హైమ్ ఫెలోషిప్పుల డబ్బు ఆదుకుంది. ఇంటింటికీ పేరు తెలిసింది 1990లో ఆ యుద్ధం మీద వచ్చిన టీవీ డాక్యుమెంటరీలో మాట్లాడాకే. అప్పటికి ఆయనకు 73 ఏళ్లు! పైగా ఏ విషయం ఎక్కడ దొరికిందో పాదసూచికల్లో చూపలేదని చరిత్రకారులు ఇప్పటికీ తప్పుపడతారు. ఆధారం చూపే అలవాటు నేర్పేది యూనివర్సిటీ చదువే.

బీఏలో హిస్టరీ మేజర్ తీసుకోమనండి. తర్వాత సీయూఈటీ పీజీ ప్రవేశ పరీక్ష రాసి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎంఏ చేయొచ్చు. పుణె, మద్రాస్ యూనివర్సిటీల్లో డిఫెన్స్ అండ్ స్ట్రాటజిక్ స్టడీస్ కూడా ఉంది. యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వచ్చి పీహెచ్‌డీలో చేరితే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు అందుతాయి. రాసుకుంటూ బతకడానికి అది గట్టి ఆసరా. తీరిక దొరికితే మరాఠీయో ఫారసీయో మొదలుపెట్టాలి. మీ గుత్తి కోటను ఏలిన మురారిరావు మరాఠా సర్దారు. ఆ కోటను ముట్టడించిన మైసూరు పాలకుడు హైదర్ అలీ కొలువులో ఫారసీ నడిచింది. ఇంగ్లిషు రికార్డులు ఒక్కటే చదివితే సగం కథే తెలుస్తుంది.

రాయడానికి మాత్రం ఎంఏ దాకా ఆగక్కర్లేదు. హైదర్ అలీ ముట్టడిలో నీళ్లు అయిపోయి 1776లో మురారిరావు లొంగిపోయింది మీ ఊరి కొండ మీదే. అమ్మాయిని పైకి తీసుకెళ్లండి. బావులు, నీటి తొట్లు ఎన్నున్నాయో లెక్కపెట్టి, వెడల్పు కొలిచి రాసుకోమనండి. ఆ నీళ్లు ఎంతమందికి, ఎన్నాళ్లు? గుర్రాల మాటేమిటి? తెలిసినదాన్ని ఆధారాలతో రెండు పేజీలు రాయాలి. ఆ కోటలో ఖాళీ కడవ పట్టుకుని నిలబడ్డ సిపాయి కథ వేరే నోట్‌బుక్‌లో రాయాలి. ఊహ ఎక్కడిదో, ఆధారం ఎక్కడిదో కలిసిపోకూడదు. రెండూ నాకు పంపించండి, చదివి చెబుతాను.