కార్టూన్ గొంతుల వెనుక మనిషి: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

సరిహద్దుకు అవతల ఒడిశా జిల్లాల నుంచి ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం కార్టూన్ పాత్రలకు గొంతునిచ్చే కళ గురించినవే కావడంతో, శీర్షిక మొత్తాన్ని ఆ విషయానికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: బగ్స్ బన్నీ కుందేలు, డాఫీ బాతు, పోర్కీ పంది, ట్వీటీ పిట్ట, సిల్వెస్టర్ పిల్లి – ఇన్నిటికీ ఒకే మనిషి గొంతునిచ్చాడని చెబితే మా బడి పిల్లలు నమ్మడం లేదు. ఆయన ఎవరు? ఆ పనిలోకి ఎలా వచ్చారు?
– ఒక ఉపాధ్యాయుడు, గుణుపురం

జవాబు: మీరు చెప్పినది నిజమే. ఆయన పేరు మెల్ బ్లాంక్. 1908 మే 30న శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టి, ఆరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌లో పెరిగారు. పదేళ్ళ వయసు నుంచే చుట్టుపక్కల వినిపించే యాసలను పట్టుకొని పలకడం ఆయనకు సరదా. బడి చదువు మధ్యలోనే ఆగిపోయింది. కొంతకాలం వాద్యబృందాలలో పనిచేసి, నాటకశాలలలో హాస్య ప్రదర్శనలిచ్చి, 1927లో, అంటే 19వ ఏట, పోర్ట్‌లాండ్ రేడియోలో అడుగుపెట్టారు. 1933లో భార్య ఎస్టెల్‌తో కలిసి ఆదివారం తప్ప ప్రతి రాత్రీ ప్రసారమయ్యే కార్యక్రమం ఒకటి మొదలుపెట్టారు. ఇతర నటులను పెట్టుకోవడానికి డబ్బు లేకపోవడంతో, కథలో ఎందరు మనుషులు వస్తే అందరి మాటలూ దంపతులిద్దరే చెప్పుకోవలసి వచ్చేది. వేయి గొంతుల మనిషి అని తరువాతి కాలంలో ఆయనకు వచ్చిన బిరుదుకు పునాది ఆ పేదరికమేనని నా అభిప్రాయం.

1935లో హాలీవుడ్ చేరుకున్నాక వార్నర్ బ్రదర్స్ వారికి కార్టూన్లు తీసిపెట్టే లియాన్ ష్లెసింగర్ సంస్థ తలుపు తట్టారు. తమకు కావలసినన్ని గొంతులు ఉన్నాయని అక్కడి ఉద్యోగి పంపివేస్తున్నా, విసుగు లేకుండా మళ్ళీ మళ్ళీ వెళ్ళేవాడినని ఆయనే చెప్పుకున్నారు. చివరకు 1936 చివరలో అవకాశం దొరికింది. మొదటి వేషం తాగిన ఎద్దుది. 1937లో పోర్కీ పంది పాత్ర చేతికి వచ్చింది, అదే సంవత్సరం డాఫీ బాతు పుట్టింది, 1940లో బగ్స్ బన్నీ స్థిరపడ్డాడు. ఇంకోవైపు రేడియో పని ఎన్నడూ మానలేదు. జాక్ బెన్నీ హాస్య కార్యక్రమంలో ఆయనకు మొదట దక్కినది ఎలుగుబంటి గుర్రుమనే అరుపు మాత్రమే. స్టార్టు కాకుండా దగ్గుతూ, తుమ్ముతూ, ఆయాసపడే పాత మాక్స్‌వెల్ కారుగా కూడా ఆయన అక్కడే పేరు తెచ్చుకున్నారు.

అయితే మీ పిల్లల అనుమానానికి కొంత చోటు వదలండి. ఆ కార్టూన్లలోని గొంతులన్నీ ఆయనవి కావు. కుందేలును వేటాడే ఎల్మర్ ఫడ్‌కు 1959లో మరణించే వరకు మాటలు చెప్పినవారు ఆర్థర్ క్యూ. బ్రయన్. ట్వీటీని పెంచే ముసలమ్మకు మొదట బీ బెనడరెట్, ఆ తరువాత జూన్ ఫోరే గొంతునిచ్చారు.

ప్రశ్న: నేను వినాయక చవితి పందిళ్ళలోనూ, పెళ్ళిళ్ళలోనూ మిమిక్రీ చేస్తుంటాను. సినిమా నటుల గొంతులు ముప్ఫై వరకు వచ్చు. కార్టూన్లకు గొంతునివ్వడం ఇదేనా, వేరే విద్యా?
– ఒక కళాకారుడు, పర్లాకిమిడి

జవాబు: చుట్టరికం ఉన్న విద్యలే గాని, ఒకటి కాదు. మిమిక్రీలో మూలం ముందే ఉంటుంది. వరంగల్లుకు చెందిన నేరెళ్ళ వేణుమాధవ్ గారు (1932–2018) ఒక ప్రముఖుడి గొంతు వినిపించగానే సభ చప్పట్లు కొట్టేదంటే, ఆ గొంతు సభకు అప్పటికే తెలుసు కాబట్టి. కార్టూన్ బాతుకు గొంతునిచ్చేవాడికి ఆ ఆసరా లేదు. బాతు ఎలా మాట్లాడుతుందో ఎవరూ విని ఉండరు. తోలుబొమ్మలాటలో తెర వెనుక ఒకే మనిషి రావణుడిగా గర్జించి, మరుక్షణంలో కేతిగాడుగా వెకిలి నవ్వు నవ్వుతాడు చూశారా, కార్టూన్ నటుడు చేసేది ఆ పనికి దగ్గర.

పోర్కీ పంది కథ మీకు ఉపయోగపడుతుంది. బ్లాంక్ కన్నా ముందు ఆ పాత్రకు మాటలు చెప్పిన జో డోహర్టీకి నిజంగానే నత్తి ఉండేది. మాట ఎప్పుడు తెగుతుందో, ఎంతసేపు తెగుతుందో ఆయన చేతిలో లేకపోవడంతో రికార్డింగుకు సమయమూ ఖర్చూ పెరిగిపోయేవి. బ్లాంక్ ఆ నత్తిని లయగా మార్చారు. ఒక మాట మొదలుపెట్టి, రెండు మూడు సార్లు తడబడి, అది రాక చివరకు దాన్ని వదిలేసి అదే అర్థమున్న ఇంకో మాటతో గట్టెక్కుతాడు పోర్కీ. నవ్వు వచ్చేది ఆ తప్పించుకోవడంలోనే. నత్తి ఉన్నవారిని వెక్కిరించడానికీ, తడబడే జీవికి ఒక ఉపాయం కల్పించడానికీ ఉన్న తేడాను మిమిక్రీ కళాకారులు, ముఖ్యంగా పందిళ్ళలో నత్తివారిని అనుకరించి చప్పట్లు అడుక్కొనేవారు, ఇక్కడ గమనించాలి.

ఇంతకన్నా కష్టమైన పరీక్ష 1951 నాటి రాబిట్ ఫైర్ అనే కార్టూన్‌లో కనిపిస్తుంది. అందులో బాతు కుందేలు వేషం వేస్తుంది, కుందేలు బాతు వేషం వేస్తుంది. అప్పుడు వినిపించవలసినది కుందేలు గొంతు కాదు, కుందేలును అనుకరిస్తున్న బాతు గొంతు. రెండూ తన గొంతులే అయినా ఒకదాని వెనుక మరొకటి దాక్కున్నట్టు వినిపించారు బ్లాంక్. మీకు వచ్చిన ముప్ఫై గొంతులలో ఒక నటుడు మరొక నటుడిని వెక్కిరిస్తున్నట్టు పలికి చూడండి. మీకు ఎంత పట్టుందో మీకే అర్థమవుతుంది.

యంత్రం సాయం కూడా కొంత ఉంది, దానిని దాచనక్కరలేదు. డాఫీ బాతుదీ సిల్వెస్టర్ పిల్లిదీ దాదాపు ఒకే నోరు, ఒకే తుంపర. బాతు మాటలను మాత్రం నెమ్మదిగా పలికి రికార్డు చేసి, వినిపించేటప్పుడు వేగం పెంచేవారు. కుందేలు క్యారెట్ కొరికే శబ్దానికి మాత్రం బదులు దొరకలేదు. నిజమైన క్యారెట్టే కొరికి, నమిలి మింగేంత వ్యవధి లేక ఉమ్మివేసి, వెంటనే తరువాతి మాట అందుకొనేవారు.

ఉత్తరం చివర మీరు ఖైనీ అలవాటు గురించి అడగకపోయినా ప్రస్తావించారు కాబట్టి ఒక మాట. చిన్ననాటి నుంచీ పొగ తాగిన బ్లాంక్‌కు వృద్ధాప్యంలో ఊపిరితిత్తుల జబ్బు వచ్చింది. గొంతు మీద బతికేవారికి పొగాకు ఏ రూపంలోనూ పనికిరాదు.

ప్రశ్న: ఆయన స్పృహలో లేనప్పుడు కూడా బగ్స్ బన్నీ గొంతుతో మాట్లాడారని విన్నాను. కట్టుకథేనా?
– ఒక పాఠకుడు, జయపురం

జవాబు: కట్టుకథ కాదు. 1961 జనవరి 24న లాస్ ఏంజెలెస్‌లోని సన్‌సెట్ బులవార్డ్‌లో ప్రమాదకరమైన ఒక మలుపు వద్ద ఆయన కారును ఎదురుగా వచ్చిన కారు ఢీకొన్నది. కాళ్ళూ కటి ఎముకలూ విరిగి, సుమారు రెండు వారాలు స్పృహ లేకుండా ఉన్నారు. ఎవరు పిలిచినా పలకని మనిషిని ఒక వైద్యుడు ‘ఈ రోజు ఎలా ఉన్నావు, బగ్స్ బన్నీ?’ అని అడగగా, కుందేలు గొంతుతోనే జవాబు వచ్చింది. దీనిని మహిమగా చెప్పుకొనేవారున్నారు. నాకు మాత్రం ఆ తరువాత జరిగినదే పెద్ద విషయంగా తోస్తుంది. ఒళ్ళంతా సిమెంటుకట్టుతో కదలలేని స్థితిలో, మంచం దగ్గరకే మైకులు తెప్పించుకొని, ఫ్లింట్‌స్టోన్స్ ధారావాహికలో బార్నీ పాత్రకు మాటలు చెప్పారు. ఆయన రాలేని కొన్ని భాగాలకు డాస్ బట్లర్ అనే మరో నటుడు ఆ గొంతు నిలబెట్టారు. బ్లాంక్ 1989 జులై 10న మరణించారు.

ప్రశ్న: మా అమ్మాయి ఇంటరు చదువుతోంది. కార్టూన్లకు గొంతునిస్తానని పట్టుబట్టింది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, బజారులో రెండూ కలిపి మాట్లాడుతుంది. హైదరాబాదులోని మా మేనత్త వాళ్ళు దాని తెలుగులో ఒడియా యాస ఉందని నవ్వుతున్నారు. ఆశ మానుకోమని చెప్పమంటారా?
– ఒక తల్లి, రాయగడ

జవాబు: చెప్పకండి అమ్మా. బగ్స్ బన్నీ గొంతును న్యూయార్కులోని బ్రూక్లిన్, బ్రాంక్స్ పేటల యాసలు కలిపి తయారుచేశానని బ్లాంక్ చెప్పారు. పుస్తకాల భాష మాట్లాడి ఉంటే ఆ కుందేలుకు ఆ పొగరు వచ్చేది కాదు. మీ అమ్మాయి చెవిలో రెండు భాషలు కాపురం ఉండడం లోపం కాదు. పర్లాకిమిడిలో బడిపంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తి గారు సవర గిరిజనుల మాటను చెవితో పట్టి, ఆ భాషకు వ్యాకరణం రాసినది మీ ప్రాంతంలోనే కదా.

అయితే యాసను ఎప్పుడు వదలాలో కూడా తెలిసి ఉండాలి. స్టూడియోలో ఒక రోజు పల్లెటూరి అవ్వ, మరుసటి రోజు వార్తలు చదివే యువతి కావలసి వస్తుంది. రోజూ దినపత్రికలో ఒక పుట పైకి చదివి, ఫోనులో రికార్డు చేసుకొని వినమనండి. శ, ష, స లూ, పదాల చివరి అచ్చులూ ఎక్కడ మారుతున్నాయో ఆమెకే తెలుస్తుంది.

డబ్బింగు గురించి కూడా ముందే తెలుసుకోవాలి. బ్లాంక్ కాలపు కార్టూన్లలో గొంతు ముందు రికార్డయ్యేది, బొమ్మను ఆ మాటకు తగినట్టు తరువాత గీసేవారు. మన దగ్గర ఎక్కువ పని దానికి తలకిందులు. ఇంకో భాషలో కదిలిపోయిన పెదవులకు తెలుగు మాట సరిపోవాలి. తెరను చూస్తూ, చెవిలో అసలు మాట వింటూ, చేతిలోని కాగితం చదువుతూ, ఆ పైన నటించాలి. ఇంటరు పూర్తయ్యాక విశాఖపట్నం ఆకాశవాణిలో నాటక విభాగం ఆడిషన్‌ను గురించి విచారించండి. ఆకాశవాణి నాటక కళాకారులను బి, బి-హై, ఏ, టాప్ అనే శ్రేణులుగా ఎంపిక చేస్తుంది. మైకు ముందు ఊపిరి ఎలా పట్టాలో నేర్పే బడి అంతకన్నా చవకగా దొరకదు. అవకాశం ఇప్పిస్తామని ముందే రుసుము అడిగేవారి దగ్గరకు మాత్రం పంపకండి.

ప్రశ్న: మా మనవలు టీవీలో తెలుగులో చూసేది కూడా మెల్ బ్లాంక్ గొంతేనా? కాకపోతే ఆ చెప్పినవారి పేరు ఎందుకు వేయరు?
– ఒక విశ్రాంత ఉద్యోగి, బరంపురం

జవాబు: తెలుగులో వినిపించేది ఆయన గొంతు కాదు, తెలుగు డబ్బింగు కళాకారులది. బ్లాంక్ గొంతు కావాలంటే పాత కార్టూన్‌ను ఇంగ్లీషులోనే వినాలి.

పేరు సంగతి ఆయనకూ సులభంగా తేలలేదు. మొదటి ఏళ్ళలో ఆయన పేరు తెర మీద ఉండేది కాదు. జీతం పెంచమని అడిగితే ష్లెసింగర్ కుదరదన్నాడనీ, అందుకు బదులుగా పేరు వేయమని అడిగి సాధించుకున్నాననీ ఆయన రాసుకున్నారు. 1944 నుంచి గొంతు మెల్ బ్లాంక్‌ది అని కార్టూన్ మొదట్లో కనిపించసాగింది. ఆ గెలుపు అందరిదీ కాలేదు. అదే కార్టూన్లో మాటలు చెప్పిన బ్రయన్, బెనడరెట్ వంటివారి పేర్లు చాలా ఏళ్ళు రాలేదు, అందుకే అన్ని గొంతులూ బ్లాంక్‌వేనని లోకం అనుకుంది. తెలుగు డబ్బింగులోనూ చాలా సందర్భాలలో చివరి పేర్ల పట్టిక అసలు భాషలోదే ఉండిపోయి, తెలుగు కళాకారుల ఊసు ఉండదు. ఛానెల్ వారికి మీరు ఉత్తరం రాయండి. పేర్లు తెలిస్తే మాకు పంపండి, వచ్చే సంచికలో వేస్తాము.